దావీదు, దావూద్, డేవిడ్: పేరు ఒక్కటే

దావీదు: హీబ్రూ పురుషనామం. అర్థం ‘ప్రియమైనవాడు’. హీబ్రూలో మూడే అక్షరాలు: దాలెత్, వావ్, దాలెత్. బైబిల్లోని 150 కీర్తనల్లో 73 దావీదు రాజు పేరుతో ఉన్నాయి. అరబీ రూపం దావూద్, ఇంగ్లిష్ రూపం డేవిడ్. ఖురాన్ ప్రకారం దావూద్‌కు దక్కిన గ్రంథం జబూర్.

కర్నూలు: ఇక్కడి పన్నీ నవాబుల వంశీకుడు దావూద్ ఖాన్. 1702లో మద్రాసు సెయింట్ జార్జి కోటను దిగ్బంధించాడు. మరణం 1715, బుర్హాన్‌పూర్. కర్నూలు నవాబుల పాలన ముగిసింది 1839లో.

కడప: సి.పి. బ్రౌన్ (1798–1884) తండ్రి డేవిడ్ బ్రౌన్. కొడుక్కి హీబ్రూ నేర్పింది ఈయనే. తెలుగుకు నిఘంటువు ఇచ్చినవాడి తొలి గురువు కాబట్టి ఈ పేరు మరవకండి. బ్రౌన్ కడపకు వచ్చింది 1820లో. వేమన పద్యాల ప్రచురణ 1829.

తికమక పెట్టే పేరు: థామస్ (తోమా) హీబ్రూ పేరు కాదు, అరామిక్. అర్థం ‘కవల’. ఈ పేరున్నవాడు దత్తమండలాల ప్రధాన కలెక్టర్ (1800–1807) థామస్ మన్రో.