జున్నుపాలు ఎందుకు గడ్డకడతాయి?

ఈనిన గేదె తొలి పాలు పొయ్యి మీద పెడితే జున్నుగా గట్టిపడతాయి. అదే గేదె పది పదిహేను రోజుల తరువాత ఇచ్చే పాలు ఎంత కాచినా పొంగుతాయే గాని గడ్డకట్టవు. ఇది మనమందరం చూసేదే. దీనికి కారణం పాలలోని మాంసకృత్తులలో ఉన్నది. ఈ పాఠంలో దానిని తెలుసుకుందాం.

మాంసకృత్తు అంటే అమైనో ఆమ్లాలు వరుసగా కూర్చిన గొలుసు. ఈ అమైనో ఆమ్లాలు 20 రకాలు. అవే అక్షరాలతో వరుస మారితే మాట మారుతుంది గదా! అలాగే అమైనో ఆమ్లాల వరుస మారితే గొలుసు ముడుచుకొనే తీరు మారుతుంది. ముడుచుకొన్న తీరును బట్టే అది చేసే పని ఉంటుంది.

మామూలు పాల మాంసకృత్తులలో సుమారు 80 శాతం కేసీన్. దీని గొలుసులో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. అది ఉన్నచోట గొలుసు వంకర తిరుగుతుంది, బిగువుగా చుట్టుకోలేదు. ముందే వదులుగా ఉన్నది గనుక కాచినపుడు కొత్తగా విచ్చుకొనేది తక్కువ. అందుకే మంచి పాలు కాగినా విరగవు.

జున్నుపాల సంగతి వేరు. ఆవు తొలి పాలలో మాంసకృత్తులు సుమారు 14 శాతం ఉంటాయి. వాటిలో పెద్ద భాగం దూడను రోగాల నుండి కాపాడే ఇమ్యూనోగ్లోబులిన్లు. ఇవి బిగువుగా ముడుచుకొని ఉంటాయి. సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని గంధకం ఆ మడతలను పట్టి ఉంచుతుంది. బాగా వేడి తగిలితే మడతలు విచ్చుకొని, ఒకదానితో ఒకటి పెనవేసుకొని, గుడ్డులోని తెల్లసొన వలె గడ్డకడతాయి.

దీనిని బట్టి మనం పాటించవలసినవి రెండు.

1. ఈ రక్షణ దూడకు తల్లి కడుపులో అందదు, జున్నుపాల ద్వారానే అందాలి. వీటిని ఉన్నవి ఉన్నట్లుగా రక్తంలోకి తీసుకొనే శక్తి దూడ పేగులకు పుట్టిన 24 గంటల వరకే ఉంటుంది, అదీ గంటగంటకూ తగ్గిపోతుంది. కాబట్టి మాయ పడేదాకా ఆగకుండా మొదటి రెండు గంటలలోనే పట్టించాలి. కాచిన పాలలో ఆ రక్షణ ఉండదు, పచ్చివే పట్టించాలి. దూడ తాగగా మిగిలినవే జున్నుకు.

2. ఈనిన మొదటి ఐదు రోజుల పాలు కేంద్రంలో పోయరాదు. ఒకరి జున్నుపాలు క్యానులో కలిస్తే, డెయిరీలో వేడి చేసేటపుడు అందరి పాలూ విరిగే ప్రమాదం ఉన్నది. ఆ నష్టం సంఘం మొత్తానిది.

పాడి పశువు ఈనినట్లు తెలియగానే ఈ రెండు మాటలు సభ్యునికి గుర్తు చేయవలసిందిగా సంఘ కార్యదర్శులను కోరుతున్నాము.