మందును తోడిపోసే కణాలు

గుడివాడ నుంచి బందరు వెళ్ళేటప్పుడు గాని, దివిసీమలో గాని పొలాలను గమనించారా? చేలో ఎక్కువైన నీరు పల్లానికి తనంతట తానే మురుగు కాలువలోకి పోతుంది. పెద్ద వాన కురిసి మురుగు కాలువ పొంగిందా, ఇక పోదు. ఇంజను పెట్టి తోడాల్సిందే. ఇంజనుకు ఆయిలు ఖర్చు.

మన మూత్రపిండాలలోనూ ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. మొదటిది వడపోత. ఇది మీరు పాఠంలో చదివిందే. అయితే మూత్రపిండానికి వచ్చిన ప్లాస్మాలో ఒక విడతకు సుమారు అయిదో వంతు మాత్రమే వడపోతకు వెళుతుంది. వడపోత ఒక్కటే ఉంటే పెన్సిలిన్ వంటి మందు రక్తంలో చాలాసేపు నిలవాలి. కాని ఇంజక్షన్ చేసిన కొద్ది గంటలకే అది మూత్రంలోకి చేరుతుంది. 1940 ప్రాంతాల్లో పెన్సిలిన్ కరువుగా ఉన్నప్పుడు రోగుల మూత్రం నుంచే దాన్ని తిరిగి తీసి వాడారు!

దాన్ని అంత త్వరగా తోడింది ఎవరు? మూత్రనాళిక మొదటి భాగపు గోడలోని కణాలు. వడపోత తప్పించుకున్న రక్తం ఈ నాళికను చుట్టుకుని పారుతుంది. కణానికి రక్తం వైపున ‘మోతగాళ్ళ’ వంటి ప్రోటీన్లు ఉంటాయి. ఇవి ఒక మందు అణువును లోపలికి తెచ్చి, బదులుగా కణంలోని కీటోగ్లూటరేట్ అణువును బయటికి పంపుతాయి. మన సంతల్లోని వస్తుమార్పిడి లాంటిదే. బయటికి పోయిన కీటోగ్లూటరేట్ సోడియంతో కలిసి తిరిగి లోపలికి వస్తుంది. ఆ సోడియంను మళ్ళీ బయటికి తోడటానికి ఒక పంపు ఉంది. దాని ఆయిలు ఏటీపీ. ఇక లోపలికి వచ్చిన మందును నాళికలోకి దించే పని అవతలి వైపు ప్రోటీన్లది.

ఈ ఏటీపీని 1929లో అమెరికాలో ఫిస్కేతో కలిసి కనుగొన్నవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే సమయంలో జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నాడు. తరువాత లెడర్లీ కంపెనీలో సుబ్బారావుగారి బృందం చేసిన కృషి నుంచి మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చింది. దీన్ని రక్త క్యాన్సరుకూ, తక్కువ మోతాదులో కీళ్ళవాతానికీ వాడతారు. చిత్రమేమంటే, ఈ మందును బయటికి తోడేవాళ్ళలో ఆ మోతగాళ్ళూ ఉన్నారు, ఏటీపీ ఖర్చుతోనే!

మోతగాళ్ళ సంఖ్యకు పరిమితి ఉంది. ఐబుప్రొఫెన్ వంటి కొన్ని నొప్పి మాత్రలు వాళ్ళకు అడ్డుపడతాయి. అప్పుడు మెథోట్రెక్సేట్ రక్తంలోనే నిలిచిపోయి, ఎముకల మజ్జలో రక్తకణాల తయారీని దెబ్బతీయవచ్చు. ఒక్కోసారి ప్రాణాపాయం కూడా. డాక్టరు రెండూ కలిపి ఇస్తే రక్తపరీక్షలు చేయిస్తూ ఇస్తారు. అది వేరు. మోకాళ్ళ నొప్పికి మందుల షాపు నుంచి మాత్ర తెమ్మని మిమ్మల్ని పంపే నాయనమ్మ, వారానికోసారి ఏ మాత్ర వేసుకుంటున్నదో ముందు ఆ చీటీ చూడండి.