సెలవుల్లో సూదీ దారం, సేమ్యా ఐసు, ఒక పిల్లికూన

చి.సౌ. బిడ్డకు, వరంగల్ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

మే మొదటి వారం దాటితే సూరత్‌లో బడులకు తాళాలు పడతాయి. గుజరాత్ బడుల వేసవి సెలవులు 35 రోజులు. జూన్‌లో మళ్ళీ గంట మోగేదాకా లింబాయత్, డిండోలి, ఉధ్నా, పర్వత్ పాటియా గల్లీల్లో పిల్లలదే రాజ్యం. సముద్రం దగ్గరి ఊరు కదా, అక్కడ ఎండ కన్నా ఉక్క ఎక్కువ సతాయిస్తుంది. పట్టిన చెమట ఆరదు. తెలుగు కుటుంబాలు కొన్ని నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మంచిర్యాలలోనో వరంగల్‌లోనో దిగుతాయి. మిగిలినవాళ్ళు మరమగ్గాల చప్పుడు మధ్యే ఉండిపోతారు. ఈసారి నువ్వూ ఉండిపోయావు. ఇద్దరు పిల్లలు, ఒక కుట్టుమిషను, గుమ్మం దగ్గర చేరిన పిల్లికూన. వీటితో సెలవులు ఎట్లా గట్టెక్కించాలని అడిగావు.

పెద్దమ్మ చెప్పేది ఇది. పిల్లలు తినే చల్లనివి వాళ్ళ చేత్తోనే చేయించు. కుట్టించేది వాళ్ళకు పనికొచ్చేదే కుట్టించు. జంతువును ఇంట్లోకి తెస్తే బడి తెరిచాక కూడా దాన్ని చూసుకునే పూచీ వాళ్ళ మీద పెట్టు. ఇక ఒక్కొక్కటే విను.

తిండి సంగతి ముందు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు మగ్గాల కోసం సూరత్ చేరినప్పుడు తొక్కు జాడీలు, సకినాల డబ్బాలు కూడా వెంట వెళ్ళాయి. సూరత్ వేసవికి మాత్రం తన రుచులు తనకున్నాయి. మేలో ఏ గుజరాతీ డాబా ఎక్కినా పాపడాల పని కనబడుతుంది. బియ్యప్పిండిని జీలకర్ర, పచ్చిమిర్చి వేసి మరిగే నీళ్ళలో ఉడికించి, ఆవిరి మీదే పచ్చినూనె పోసి తినే ముద్దను అక్కడ ఖీచూ అంటారు, పాపడీ నో లోట్ అనీ అంటారు. పాపడాలుగా ఒత్తేలోపే సగం గిన్నె పిల్లలు ఖాళీ చేస్తారు. వడియాల పిండి కోసం గిన్నె చుట్టూ మూగే మన పిల్లలకు ఇది కొత్తేం కాదు. పక్కింటి డాబా మీదికి పంపు. పని చేసి, తిని వస్తారు.

రాజాపురి మామిడికాయ దొరికితే ఛుందో పెట్టించు. కాయ తురిమి, ఉప్పూ పసుపూ కలిపి, చక్కెర వేసి, జాడీ మూతికి పల్చని గుడ్డ కట్టి ఎండలో పెట్టాలి. రోజూ ఒకసారి కలపాలి. కొన్ని రోజులకు చక్కెర కరిగి తీగపాకం పడుతుంది. అప్పుడు కారం, జీలకర్ర పొడి. పొయ్యి అక్కర్లేదు కాబట్టి ఎనిమిదేళ్ళ పిల్ల కూడా జాడీ బాధ్యత మొత్తం తీసుకోవచ్చు. పచ్చికాయ ఉడికించి, గుజ్జు పిసికి, బెల్లం, నల్లుప్పు, జీలకర్ర పొడి కలిపితే బాఫ్లో అవుతుంది. ఉక్కపోత మధ్యాహ్నాలకు దాన్ని మించింది లేదు. తాటిముంజలను అక్కడ గలేలి అంటారు. లేతవి చూసి కొను, కొన్న రోజే తినిపించు; ముదిరినవి కడుపునొప్పి తెస్తాయి.

చల్లటి పాలవంటల్లో సూరత్‌కు పేరు తెచ్చింది కోల్డ్ కోకో. లీటరు పాలకు రెండు మూడు చెంచాల కోకో పొడి, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, తగినంత చక్కెర చాలు. పొడులను ముందు కాసిని చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి, మరిగే పాలలో పోసి, గరిటెకు పట్టేదాకా తిప్పాలి. తర్వాత నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ పాలలోనే కోకోకు బదులు సేమ్యా ఉడికించి, స్టీలు గ్లాసుల్లో పోసి పుల్లలు గుచ్చితే మన సేమ్యా ఐసు. పొయ్యి దగ్గర నువ్వుండు, కలపడం వాళ్ళకు వదిలేయ్. నీ చిన్నప్పటి రస్నా గుర్తుందిగా! ఆ అహ్మదాబాద్ సరుకు 1980ల్లో 5 రూపాయల ప్యాకెట్‌తో 32 గ్లాసులని చెప్పి దేశమంతా అమ్ముడుపోయింది. అది పిల్లలకు అంత నచ్చడానికి రుచి ఒక్కటే కారణం కాదు, కలిపే పని పిల్లలకే దక్కేది.

బజారు ఐస్ డిష్ పూర్తిగా మాన్పించమని పెద్దమ్మ అనదు. సూరత్‌లో ఉండి ఐస్ డిష్ తినొద్దంటే ఎవరు వింటారు? కాకపోతే బండి ఎంచుకునేటప్పుడు మంచుగడ్డ ఎక్కడ పెట్టారో చూడు. చేపలూ కూరగాయలూ నిలవ చేసే మంచు తాగునీటితో చేసినది కాదు. అది తేలిగ్గా కనబడేలా లేత నీలం రంగు కలపాలని ఆహార భద్రతా సంస్థ 2018లో ఆదేశించింది. నీలి ఛాయ కనబడితే పక్కకు తప్పుకో. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చిన తర్వాత, 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు సూరత్‌ను శుభ్రం చేయించినప్పుడు చెత్త ఎత్తించడంతో ఆగలేదు. శుభ్రత పాటించని తిండి దుకాణాలను మూయించాడు. ఆ ఊళ్ళో తిండి దగ్గర శుభ్రం అడగడం కొనేవాళ్ళ హక్కని జనానికి అప్పుడే అర్థమైంది. మీ పిల్లలు కూడా బండివాణ్ణి అడగడం నేర్చుకోవాలి.

ఇప్పుడు కుట్టుపని. సూరత్‌లో గుడ్డకు కరువు లేదు. చీరల కటింగుల్లో మిగిలిన చిందీ కిలోల లెక్కన దొరుకుతుంది. చిక్కల్లా అందులో చాలా భాగం పాలిస్టర్ కావడమే. పాలిస్టర్ చెమట పీల్చదు, అంచులు పీచులుగా ఊడిపోతాయి, వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది. అందుకే మూటలోంచి ముక్క తీయగానే కుట్టడానికి కూర్చోకు. ఒక పోగు లాగి, చిమటాతో పట్టుకుని, నువ్వే దీపం మీద కాల్చి చూపించు. నూలు అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, గట్టి నల్లపూసలా మిగులుతుంది. చీరల ఊళ్ళో పెరిగే పిల్లలకు ఈ తేడా తెలిసి తీరాలి. చేతి రుమాలు, మసిగుడ్డ, పసిపిల్లల జుబ్బా నూలుతోనే కుట్టాలి. పాలిస్టర్ ముక్కలు సంచులకు, గుమ్మం తోరణాలకు సరిపోతాయి.

మొదటి పని రుమాలు. 12 అంగుళాల చదరం నూలుగుడ్డ. ముందు నీళ్ళలో తడిపి ఆరబెట్టించు, నూలు ఎంత ముడుచుకోవాలో అప్పుడే ముడుచుకుంటుంది. అంచు పావు అంగుళం మడిచి, మళ్ళీ అంతే మడిచి, గోటితో నొక్కి హెమ్మింగ్ చేయాలి. ఆరేడేళ్ళ పిల్లలకు మొద్దు మొన సూది, మ్యాటీ క్లాత్ ఇస్తే వాళ్ళూ పక్కన కూర్చుంటారు.

రెండోది నాడా సంచి. పొడవు 24, వెడల్పు 10 అంగుళాల ముక్క తీసుకుని, పొట్టి అంచులు రెండూ ఒక్కో అంగుళం లోపలికి మడిచి నాడా దూరే గొట్టంలా కుట్టాలి. తిరగేసి సగానికి మడిచి, పక్కలు రెండూ ఆ గొట్టం కిందిదాకా మాత్రమే కుట్టాలి. పైదాకా కుట్టేస్తే నాడాకు దారి ఉండదు. పిన్నీసు తగిలించి నాడా దూర్చితే గోళీలకో టిఫిన్ డబ్బాకో సంచి సిద్ధం. దాని మీద ఎవరి పేరు వాళ్ళు తెలుగులో కుట్టుకోవాలి. మన అక్షరాలు గుండ్రనివి, గొలుసు కుట్టుకు చక్కగా లొంగుతాయి. సూరత్ నగరపాలక సంస్థ ఏడు భాషల్లో బడులు నడుపుతోంది, అందులో తెలుగు ఒకటి. ఆ బడికి పోయేవాళ్ళకు అక్షరాలు వచ్చు. ఇంగ్లీషు బడికి పోయేవాళ్ళు ఈ సంచితో నాలుగైనా నేర్చుకుంటారు.

మూడోది బొంత. పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి, మధ్యలో చిరుగుగుడ్డలు పరిచి, పెద్దపెద్ద టాకాలు వేయడమే. గుజరాతీ ఇళ్ళల్లో దీన్నే గోదడీ అంటారు, మెళకువలు చెప్పే ముసలమ్మలు మీ గల్లీలోనే ఉంటారు. చిన్న బొంత కుడితే పిల్లికూనకు పడకవుతుంది.

పిల్లి ఉన్న ఇంట్లో కుట్టుపనికి ఒక కట్టుబాటు తప్పదు. పిల్లి నాలుక మీద గొంతువైపు వంగిన సన్నటి ముళ్ళుంటాయి. నోట్లో పడ్డ దారాన్ని అది ఉమ్మలేదు, మింగుతూ పోతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని, రెండోది పేగుల్లోకి పోతే పేగు దారం వెంట కుచ్చిళ్ళు పడి తెగే ప్రమాదం ఉంది. నోటి నుంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు, పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. కాబట్టి సూదులు లెక్కపెట్టి ఇవ్వు, లెక్కపెట్టి తీసుకో. దారపు ముక్కలకు మూతడబ్బా పెట్టు. పని ముగిశాక నేల ఊడ్చే వంతు పిల్లలదే.

కూనను ఇంట్లోకి ఎత్తుకొచ్చే ముందు తల్లి దగ్గర్లో ఉందేమో దూరం నుంచి కనిపెట్టమను. తిండికి పోయిన తల్లి తిరిగి రావచ్చు. రాకపోతే పెంచండి. ఆవుపాలు పోయొద్దు, చాలా పిల్లులకు అవి పడవు, విరేచనాలవుతాయి. నట్టల మందు వేయించు, మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించు. పిల్లి రక్కినా కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఇది పిల్లలకు నోటికి వచ్చి ఉండాలి.

పెద్దవాడు కుక్కపిల్ల కావాలంటున్నాడని రాశావు. కుక్క పది పన్నెండేళ్ళు బతుకుతుంది. సెలవులు 35 రోజులు. ఈ లెక్క వాడితోనే వేయించు. కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూ చల్లబడుతుంది. సూరత్ ఉక్కలో ఆ రొప్పు అంతగా పని చేయదు కాబట్టి ఒత్తు బొచ్చు జాతులు అక్కడ నరకం చూస్తాయి. దక్షిణ గుజరాత్‌లో వానాకాలం లెప్టోస్పైరోసిస్ జబ్బు భయం ఉంది, మీ లింబాయత్‌లోకి మీఠీ ఖాడీ వాగు నీళ్ళు వస్తే ఆ భయం ఇంకా ఎక్కువ. కుక్కకు ఆ టీకా కూడా అడిగి వేయించాలి. ఇంటిల్లిపాదీ తాగే కోల్డ్ కోకో దానికి మాత్రం పోయకూడదు, కోకోలోని థియోబ్రోమిన్ కుక్కకు విషం. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి కూడా అంతే.

రామచిలుక మాట ఎత్తనే ఎత్తకు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. నక్షత్ర తాబేలు సంగతీ అంతే. పంజరంలో పెట్టిన పక్షులను స్వేచ్ఛగా వదలాలని గుజరాత్ హైకోర్టు 2011లోనే ఒక కేసులో చెప్పింది. పిట్టల మీద ముచ్చట ఉంటే గుజరాత్‌లో ఊరూరా ఉండే చబూత్రాలు చూపించు. స్తంభం మీద గూళ్ళు కట్టి పక్షులకు గింజలు వేసే ఏర్పాటు అది. డాబా మీద మట్టి మూకుడులో నీళ్ళు, గుప్పెడు జొన్నలు పెడితే మీదీ ఒక చిన్న చబూత్రానే. నీళ్ళు రోజూ పారబోసి, మూకుడు తోమి మళ్ళీ నింపాలి; వారం నిలవుంటే దోమలు పుడతాయి.

చివరగా అసలు మాట. మీ గల్లీలో ఇంటింటికీ మూటలు వస్తాయి: ధాగా కటింగ్ అనే దారపు కొసల కత్తిరింపు, లేసు కుట్టడం, చీరలకు రాళ్ళు అంటించడం. ముక్కకు ఇంతని కూలి. రుమాలు కుట్టిన పిల్ల చెయ్యి చూసి, రోజుకు నాలుగు చీరలు ఇస్తే పోలా అని ఎవరో ఒకరు అంటారు. 1986 బాలకార్మిక చట్టం 2016 సవరణ తర్వాత 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదంటుంది. సెలవుల్లో ప్రమాదం లేని ఇంటి పనికో కుటుంబ వ్యాపారానికో సాయం చేయొచ్చన్న వెసులుబాటు మాత్రం ఇస్తుంది. మూటలు పిల్లల ఒళ్ళోకి చేరేది ఆ సందులోంచే. ఇంట్లో డబ్బు కటకట ఎంతున్నా ఆ మూట నీ దగ్గరే ఆపు. పిల్ల కుట్టిన సంచి పిల్ల భుజానికే వేలాడాలి, అంగడికి పోకూడదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు మూటలు రావడం మొదలయ్యాయో లేదో, పిల్లికి టీకా వేయించావో లేదో ముందు చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ