సందేహాలు - సమాధానాలు: ఫ్యాన్ లేని గ్రాఫిక్స్ కార్డు మన ఎండల్లో నిలుస్తుందా?

ప్రశ్న: మాది చాపాడు. బండల మిద్దె. రాత్రి పది దాటి ఊరు సద్దుమణిగాక ఇంట్లో నా కంప్యూటర్ రొద ఒక్కటే వినపడుతుంది. పక్కన పడుకున్న మా నాయనకు నిద్ర పట్టడం లేదు. నాది జీటీఎక్స్ 1650 కార్డు. దాని ఫ్యాన్లు పీకేసి ఉత్త హీట్‌సింక్ మీద నడపొచ్చా? బయటి దేశాల్లో కొందరు అట్లా నడుపుతున్నారు కదా.
- డిగ్రీ విద్యార్థి, చాపాడు

సమాధానం: ఫ్యాన్లు పీకొద్దు. మీరు విన్నది అబద్ధమేమీ కాదు. ఇదే 1650 చిప్‌తో పాలిట్ కంపెనీ ‘కామ్‌ఎక్స్’ పేరుతో ఫ్యాన్ లేని కార్డు అమ్మింది. 2024లో 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050ని కూడా అట్లాగే తెచ్చింది. కానీ ఆ కార్డుల హీట్‌సింక్‌ను మొదటి నుంచీ ఫ్యాన్ లేకుండా నడవడానికే తయారుచేస్తారు. అది పెద్దది, రేకుల మధ్య సందు ఎక్కువ. మీ కార్డు రేకులు దగ్గరదగ్గరగా ఉంటాయి, వాటి మధ్యకు గాలిని ఎవరో ఒకరు నెట్టాలి. వేడెక్కిన గాలి తనంతట తాను పైకి లేచే బలం చాలా తక్కువ, అంత ఇరుకు సందుల్లో అది కదలదు.

ఇక గది సంగతి. చిప్ ఎంత వేడెక్కుతుందనేది చుట్టూ ఉన్న గాలి వేడికి పైన లెక్క. చలిదేశంలో 21 డిగ్రీల గదిలో ఒక ఫ్యాన్ లేని కార్డు 75 దగ్గర ఆగిందనుకుందాం. అంటే గది కంటే 54 డిగ్రీలు ఎక్కువ. మే నెలలో మీ ఇంట్లో రాత్రి పదికి కూడా బండలు పగటి ఎండను కక్కుతూనే ఉంటాయి. గది 36 ఉంటే అదే కార్డు 90కి చేరుతుంది. మధ్యాహ్నం గది 40 అయితే 94. ఈ చిప్‌కు ఎన్విడియా పెట్టిన గరిష్ఠ హద్దు 92. ఫ్యాన్ లేకుండా నడవడానికే పుట్టిన కార్డు గతి ఇదైతే, ఫ్యాన్ పీకిన కార్డు సంగతి చెప్పనక్కర్లేదు. చిప్ తన వేగం తగ్గించుకుని తనను తాను కాపాడుకుంటుంది. దాని చుట్టూ ఉన్న మెమరీ చిప్‌లకు, కరెంటు సరఫరా చేసే భాగాలకు ఆ తెలివి లేదు. వాటిని ఇన్నాళ్లూ చల్లబరిచింది ఆ ఫ్యాన్ గాలే. అవి ఎంత కాలుతున్నాయో మీ తెరమీద కనబడదు కూడా.

మీకు కావలసింది ఫ్యాన్ లేకపోవడం కాదు, చప్పుడు లేకపోవడం. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే అది తోసే గాలి సగమే తగ్గుతుంది, శబ్దం మాత్రం సుమారు 15 డెసిబెళ్లు పడిపోతుంది. చెవికి అది చాలా పెద్ద తేడా. అందుకే నిమిషానికి 3,000 చుట్లు తిరిగే చిన్న ఫ్యాన్ల కంటే 600 చుట్లు తిరిగే 120 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాన్ మేలు. క్యాబినెట్ ముందు వైపు అలాంటిది ఒకటి, వెనుక ఒకటి పెట్టి నెమ్మదిగా తిప్పండి. తర్వాత ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించండి. మీది 75 వాట్ల కార్డు కాబట్టి 52 వాట్ల దగ్గర ఆగుతుంది. కరెంటు తగ్గినంతగా వేగం తగ్గదు, ఎందుకంటే ఆ చివరి కాస్త వేగం కోసమే చిప్ వోల్టేజీ పెంచుకుని ఎక్కువ వాట్లు తాగుతుంది. గేమ్ ఆడితే ఫ్రేమ్ రేటును 60కి కట్టేయండి.

ఇంకో మాట. రాత్రిపూట చేసేది చదువు, కోడింగే అయితే, మీ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉందేమో చూడండి. ఉంటే ఈ కార్డు తీసి పక్కన పెట్టి, మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు తగిలించండి. సెలవుల్లో మళ్లీ పెట్టుకోవచ్చు. నాయన నిద్రకు ఇంతకంటే చౌకైన మందు లేదు.

ప్రశ్న: గండికోట మీద వీడియోలు చేస్తాను. మాటలు ఇంట్లోనే రికార్డు చేస్తాను. మైకులో ఫ్యాన్ హోరు పడుతోంది. జీటీ 1030లో ఫ్యాన్ లేని రకం కొనమంటారా?
- టీచర్, జమ్మలమడుగు

సమాధానం: జీటీ 1030 మామూలుగా 30 వాట్ల కార్డు, జీటీ 710 అయితే 19. ఈ రెండూ ఫ్యాన్ లేకుండా మన వేసవిని కూడా తట్టుకుంటాయి, క్యాబినెట్‌లో కాస్త గాలి ఆడితే చాలు. కానీ మీ పనికి 1030 వద్దు. వీడియోను కుదించి ఫైలుగా తీసే ఎన్‌కోడర్ ఆ చిప్‌లో లేదు. ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడి, ఈసారి ప్రాసెసర్ ఫ్యాన్ అరుస్తుంది.

పని తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాన్ దానంతట అదే ఆగిపోయే కార్డు తీసుకోండి. ఆసుస్ దాన్ని ‘జీరో డీబీ’ అంటుంది, ఎంఎస్ఐ ‘జీరో ఫ్రోజర్’ అంటుంది. మాటలు రికార్డు చేసేటప్పుడు కార్డుకు పెద్దగా పని ఉండదు కాబట్టి ఫ్యాన్ నిలిచే ఉంటుంది. ఫైలు తీసే పని రికార్డింగు అయ్యాక పెట్టుకోండి.

క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి చూడండి. నిలువు క్యాబినెట్‌లో కార్డు అడ్డంగా, హీట్‌సింక్ నేల వైపు చూస్తూ ఉంటుంది. పైకి పోవలసిన వేడిగాలికి ఆ కార్డే అడ్డం. పడుకోబెడితే కార్డు నిలువుగా నిలబడి వేడిగాలికి దారి వదులుతుంది, ఫ్యాన్ మరింతసేపు ఆగి ఉంటుంది. గాలి వచ్చిపోయే రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు.

ప్రశ్న: తెలుగు భాషా మోడళ్లను సొంత కంప్యూటర్‌లో నడపాలని ఉంది. పాత టెస్లా పీ40 కార్డు 24 జీబీ మెమరీతో తక్కువ ధరకు దొరుకుతోంది. దానికి ఫ్యాన్ లేదు కాబట్టి హాస్టల్ గదిలో నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటున్నాను.
- ఇంజనీరింగ్ విద్యార్థి, ప్రొద్దుటూరు

సమాధానం: మీ ఆలోచన నాకు చాలా నచ్చింది, కార్డు విషయంలో మాత్రం పొరబడుతున్నారు. 2016లో వచ్చిన పీ40 వాడకం 250 వాట్లు. దానికి ఫ్యాన్ లేదంటే గాలి అక్కర్లేదని కాదు. సర్వర్ పెట్టెలో వరుసగా ఉండే ఫ్యాన్లు దాని గుండా గాలిని బలంగా తోస్తాయన్న లెక్కతో తయారైంది. మామూలు క్యాబినెట్‌లో పెడితే పని మొదలైన కొద్ది నిమిషాల్లోనే వేడి హద్దు దాటి చతికిలబడుతుంది.

అయినా కొనాలనుకుంటే, కార్డు చివర గొట్టంలాంటి మూత బిగించి దానికి బ్లోయర్ ఫ్యాన్ పెట్టాలి. చిన్న బ్లోయర్ చెవులు తినేస్తుంది, చోటు ఉంటే పెద్దదే పెట్టండి. ఎన్విడియా డ్రైవర్‌తో వచ్చే ఎస్ఎంఐ ఆదేశంతో 250 వాట్లను 150కి దించండి. భాషా మోడల్ జవాబు రాసే వేగం ఎక్కువగా మెమరీ వేగం మీద ఆధారపడుతుంది కాబట్టి నష్టం తక్కువే. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసినప్పుడల్లా ఆ హద్దు మళ్లీ పెట్టాలి.

మరో రెండు విషయాలు కొనేముందే తెలియాలి. దీనికి మానిటర్ తగిలించే పోర్టు లేదు. కరెంటు కనెక్టర్ గ్రాఫిక్స్ కార్డులది కాదు, ప్రాసెసర్‌కు ఇచ్చే 8 పిన్నుల రకం. రెండింటి వైరింగు వేరు. బలవంతంగా తప్పు కేబుల్ దూర్చారో కార్డు కాలుతుంది. దానికని వచ్చే అడాప్టర్ కేబులే వాడండి.

ప్రశ్న: నా కార్డు ఫ్యాన్ అరనిమిషం తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. వేసవిలోనే ఇలా. పాడైందా?
- పులివెందుల

సమాధానం: పాడవలేదు. ఫ్యాన్ ఆగే హద్దు దగ్గరే మీ గది వేడి కార్డును నిలబెడుతోంది. వేసవి మూడు నెలలూ ఫ్యాన్ ఆపే సౌకర్యాన్ని తీసేసి, ఎప్పుడూ 30 శాతం వేగంతో తిరిగేలా పెట్టండి. సన్నగా ఒకే తీరున వచ్చే శబ్దాన్ని చెవి మరిచిపోతుంది, ఆగి ఆగి వచ్చేదాన్ని మరవదు.

ప్రశ్న: కేసీ కెనాల్ కింద వరి కోతలప్పుడు ఇల్లంతా ఊక దుమ్మే. కొత్తలో చప్పుడు లేని కార్డు ఇప్పుడు గుర్రుమంటోంది.
- రైతు, చాపాడు మండలం

సమాధానం: దుమ్ము రేకుల మధ్య పేరుకుని గాలిని ఆపుతుంది, ఫ్యాన్ వేగం పెంచుకుంటుంది. కోతలు అయిపోగానే ఒకసారి, వేసవికి ముందు ఒకసారి శుభ్రం చేయండి. ప్లగ్గు తీసి, క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకి, తర్వాత కార్డు ఊడదీయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది. శుభ్రం చేశాక కూడా గరగర వస్తే బేరింగు ఎండినట్లే. కొన్ని ఫ్యాన్లకు మధ్యలో స్టిక్కర్ కింద ఇరుసు కనబడుతుంది, అక్కడ ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేస్తే కొన్ని నెలలు నడుస్తుంది. ఆలోగా అదే కొలత కొత్త ఫ్యాన్ తెప్పించుకోండి. వారంటీ ఉన్న కార్డయితే మాత్రం స్టిక్కర్ ముట్టకుండా కొన్న అంగడికే తీసుకుపోండి.