బతుకమ్మ రోజుల్లో ఆకాశం

పాశమైలారంలో పొద్దు గూకింది. ఎంగిలిపూల బతుకమ్మ ఆడి ఆడవాళ్లు ఇళ్లకు పోతున్నారు. కోడలు తల ఎత్తి పైకి చూసింది.

"అత్తమ్మా, ఇయ్యాల చందమామ లేడేంది? చుక్కలు గూడ నాలుగైదే ఉన్నయి."

"ఇయ్యాల అమాస గద బిడ్డా. చుక్కలు యాడికి పోలేదు. కంపెనీల లైట్ల ఎలుగుకు మనకు కనబడ్తలేవు. రా, ఇంటెనకకు పోదాం."

ఇంటి వెనక లైటు లేదు. ఇద్దరూ పది నిమిషాలు అక్కడే కూర్చున్నారు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. ఒక్కొక్క చుక్కా కనబడసాగింది.

మనం కూడా చూద్దాం రండి.

చందమామ

బతుకమ్మ పండుగ భాద్రపద అమావాస్య నాడు మొదలవుతుంది. దీన్నే పెత్రామాస అంటారు. ఆ రాత్రి చందమామ కనబడడు. చుక్కలు చూడడానికి అదే మంచి రాత్రి.

ఒకటి రెండు రోజుల తర్వాత పడమటి దిక్కు చూడండి. పొద్దు గూకిన చోటికి పైన సన్నని నెలవంక కనిపిస్తుంది. అది రోజూ కొంచెం లావవుతుంది. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా గూకుతుంది. సద్దుల బతుకమ్మ నాటికి సగం చందమామ అవుతుంది. సుమారు అర్ధరాత్రి దాకా ఉంటుంది.

చందమామకు సొంత వెలుగు లేదు. సూర్యుని వెలుగు పడిన సగమే మెరుస్తుంది. చందమామ భూమి చుట్టూ తిరుగుతుంది. అమావాస్య తర్వాత ఆ మెరిసే భాగం మనకు రోజురోజుకు ఎక్కువగా కనబడుతుంది. ఈ లెక్క తెలిస్తే క్యాలెండరు లేకున్నా తిథి సుమారుగా చెప్పవచ్చు.

చుక్కలు

రాత్రి 7, 8 గంటల మధ్య నడినెత్తికి దగ్గరగా చూడండి. ఒక పెద్ద చుక్క, దానికి రెండు పక్కల రెండు చిన్న చుక్కలు కనిపిస్తాయి. నడిమి చుక్క శ్రవణం. దాని వెలుగు మనల్ని చేరడానికి సుమారు 17 ఏళ్లు పడుతుంది.

ఉత్తరం దిక్కుకు తిరగండి. చేయి బారుగా చాపి పిడికిలి పట్టండి. నేల అంచు నుంచి సుమారు రెండు పిడికిళ్ల ఎత్తున ధ్రువ నక్షత్రం ఉంటుంది. అది పెద్దగా మెరవదు. కాని రాత్రంతా దాదాపు అక్కడే ఉంటుంది. అందుకే దాన్ని చూసి దిక్కు తెలుసుకుంటారు.

రాత్రి 10 గంటలకు తూర్పున చిన్న చుక్కల గుంపు కనబడుతుంది. ఇవే కృత్తికలు. పిల్లల కోడి అని కూడా అంటారు.

తెల్లవారుజామున 5 గంటలకు డ్యూటీకి పోయేవాళ్లు నడినెత్తికి కాస్త దక్షిణంగా చూడండి. మూడు చుక్కలు ఒకే వరసలో ఉంటాయి.

లైట్లు, చుక్కలు

లైట్ల వెలుగు పైకి పోతుంది. గాలిలోని దుమ్ము, పొగ మీద పడి చెదురుతుంది. ఆకాశం తెల్లబడుతుంది. చిన్న చుక్కలు అందులో కలిసిపోతాయి.

ఈ బాధ మన ఊరికే కాదు. హైదరాబాదులో చుక్కలను చూసే నిజామియా అబ్జర్వేటరీ 1901లో మొదలైంది. తర్వాత అది బేగంపేటకు మారింది. పట్నం పెరిగింది. లైట్లు పెరిగాయి. 1960ల చివర దాని పెద్ద దూరదర్శినిని పట్నానికి దూరంగా జపాల్, రంగాపూర్ ఊర్ల దగ్గర పెట్టారు.

మరి లైట్లు తీసేయాలా? వద్దు. రాత్రి షిఫ్టు దిగి నడిచివచ్చే ఆడవాళ్లకు వీధిలైటు కావాలి. కాని ఆ లైటు వెలుగు నేల మీద పడాలి. పైన రేకు మూత పెడితే దారి బాగా కనబడుతుంది. కరెంటు వృథా కాదు. చుక్కలూ కనబడతాయి. మీ వీధిలైట్ల సంగతి పంచాయతీలో గాని, మున్సిపాలిటీలో గాని అడగండి.

మర్నాడు అత్తమ్మ చదువుల కేంద్రంలో పలక మీద "పిల్లల కోడి" అని రాసింది. పక్కామె అడిగింది, "ఏ కోడి అక్కా?"

"రాత్రి పదింటికి రా, చూపిస్త" అంది అత్తమ్మ.

చేసి చూడండి

1. తొమ్మిది రోజులు చందమామ బొమ్మ గీయండి. పక్కన తేదీ, టైము రాయండి.
2. తెల్లవారుజామున వరసగా కనబడే మూడు చుక్కలను మీ ఊరి పెద్దలు ఏమంటారు? అడిగి రాయండి.
3. మీ వీధిలో వెలుగు పైకి పోయే లైట్లు ఎన్ని? లెక్కపెట్టండి.