బొమ్మకు గోడ మీద చోటివ్వు

రామకుప్పం

చిరంజీవి సౌభాగ్యవతి చిన్నమ్మాయికి,

 

బాడుగ ఇల్లు కాబట్టి గోడకు మేకు కొట్టనివ్వరనీ, అందుకే బాబు వేసిన బొమ్మలన్నీ ఫైలులో పెట్టి బీరువాలో దాచాననీ ఫోనులో అన్నావు. పారేయకుండా దాచావు, సంతోషం. అయితే పసివాడు బొమ్మ వేసేది నలుగురూ చూడాలనే కదా తల్లీ!

ఎండాకాలం సెలవుల్లో ననియాల ఏనుగుల శిబిరం చూసొచ్చి వాడు వేసిన బొమ్మ నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. కాగితమంతా ఏనుగే. తొండానికి చోటు చాలక అంచు దగ్గర వెనక్కి తిప్పాడు. మావటి వేలెడంత, పక్కన ఇల్లు అగ్గిపెట్టెంత. ఏనుగు ఇంత ఉండదని ఎవరో దిద్దబోయారు. రాత్రిపూట పొలంలో ఏనుగులు పడిన రైతును అడిగితే, అంతే ఉంటుందంటాడు. వాడు తన భయాన్నీ అబ్బురాన్నీ ఉన్నదున్నట్టు వేశాడు. అలాంటి బొమ్మ బీరువాలో ఉండదగింది కాదు.

మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థలో పద్మనాభరావు, రమ దంపతులు పల్లె బడుల కోసం కార్డులతో పిల్లలే సొంతంగా నేర్చుకునే పద్ధతి తయారుచేశారు. అది చూసి 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అదే దారి పట్టాయి. అక్కడి తరగతి గదుల్లో పైన తీగలు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీసేవారు. తమిళంలో దాన్ని ‘కంబి పందల్’ అంటారు. నల్లబల్లలు కూడా గోడ కింది భాగంలో, పిల్లల చేతికందేలా ఉండేవి. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఒక పిల్లవాణ్ణి ఇంకొకడితో పోల్చవద్దని జీవితమంతా చెప్పారు. ఇంట్లో బొమ్మల విషయంలో కూడా ఆ మాట పాటించు. బాగున్నవి ఏరి పెట్టావంటే, తక్కినవి బాగాలేవని చెప్పినట్టే.

మేకు అక్కర్లేదు. కిటికీ కడ్డీల మధ్య పురికొస కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మలు తగిలించు. వాడి కంటికి ఎదురుగా ఉండేంత ఎత్తులో కట్టు. గోడకు టేపు అంటించావంటే తీసేటప్పుడు రంగు ఊడివస్తుంది. మైదా జిగురు వద్దు, బొద్దింకలు చేరతాయి. నేరుగా ఎండ పడే చోటా వద్దు, స్కెచ్ పెన్ రంగులు త్వరగా వెలిసిపోతాయి. తాడు నిండితే ఏది తీయాలో వాడే చెప్పాలి. తీసినదాని వెనక తేదీ, దాని గురించి వాడు చెప్పిన మాట పెన్సిలుతో రాసి అప్పుడు ఫైలులో పెట్టు.

చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దుతూ వాటిని తీసేయవద్దు. ‘ఇదేం బొమ్మ?’ అని నిలదీయకుండా ‘దీని కథ చెప్పు నాయనా’ అని అడుగు. ఫోను స్టేటస్‌లో పెడితే బంధువులు చూస్తారు, మంచిదే. కానీ వాడు పొద్దున లేచి చూసుకునేది ఇంటి గోడనే. తెల్లవారగానే వాకిట్లో ముగ్గు వేసి వీధిలో వెళ్ళేవాళ్ళందరికీ చూపించే ఇళ్ళు మనవి. పెద్దల చేతిపనికి వాకిలి ఇచ్చిన ఇల్లు, పిల్లల చేతిపనికి ఒక మూర తాడు ఇవ్వలేదా?

ఈ ఆదివారమే ఆ తాడు కట్టు తల్లీ. ముందుగా ఏ బొమ్మ పెట్టాలో వాణ్ణే అడుగు.

ఇట్లు,
నీ పెద్దనాయన