కానరాని ఆధారము

ఇంటికి పునాది యెట్టిదో తివాచీకి అడుగుబట్ట అట్టిది. చూచువారి దృష్టి రంగులపైనను, పువ్వులపైనను నిలుచును. వాని నన్నిటిని మోయు బట్ట యెవరికిని కానరాదు. అయినను తివాచీ ఆయువు దానిపైననే ఆధారపడియుండును.

తివాచీలు పెక్కు విధములు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు జంపఖానాలు మగ్గముపై నేయబడును. వానికి పడుగు పేకలే ఆధారము. మరియొక విధమున, ముందే నేసిన బట్టను చట్రమునకు బిగించి, కొక్కెపు సూదితో పేలికలను క్రిందినుండి పైకి లాగి, చిన్న ఉంగరములవలె నిలుపుదురు. ముడి వేయరు. అడుగుబట్ట దారముల బిగువే ఆ ఉంగరములను పట్టియుంచును.

ఈ కళ 19వ శతాబ్దమున ఉత్తర అమెరికాలోని పేద గృహములలో వర్ధిల్లినది. అచటి స్త్రీలు పాత గోనె సంచులను విప్పి అడుగుబట్టగా వాడిరి. ఆనాడు వంగదేశపు జనపనార ఓడలపై స్కాట్లండులోని డండీ నగరమునకు పోయి, అచట గోనెబట్టయై లోకమంతట వ్యాపించెడిది. గోనె చవుకగా దొరకినది; కాని ఏండ్లు గడచుకొలది జనపనార పెళుసెక్కి, మడతలయందు విరిగి, పొడియైనది. పైనున్న ఉన్ని చెడకున్నను, నెలల తరబడి చేసిన పని వ్యర్థమైనది.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో వరికోతలు కాగానే గోనె సంచులు కుప్పలుగా కానవచ్చును. సిరిసిల్లలో వేలకొలది మరమగ్గములున్నవి. ఆ సీమవారు బట్టకొఱకు దూరము పోనక్కఱలేదు. ఎన్నుకొను వివేకమే కావలయును.

గోనెలో సూది సులభముగా దూరును. అది అభ్యాసమునకు చాలును గాని, తరతరములు నిలువవలసిన పనికి తగదు. సిరిసిల్లలో విరివిగా నేయబడు పాలియెస్టరు బట్ట గట్టిదే; కాని దాని నేత దట్టము, దారము నునుపు. సూదిని బలవంతముగా దూర్చినచో పోగులు తెగును, పేలిక జారిపోవును. చీరకు గుణమైనది ఇచట దోషమగును. మోటు నూలుతో జంటపోగులుగా, అంగుళమునకు సుమారు 12 రంధ్రములుండునట్లు నేసిన నూలుబట్ట మేలైనది. అవిసెనార బట్ట ఇంకను దృఢము. కాని వెల హెచ్చు.

బట్టను కొనుటకు ముందు వెలుతురునకు ఎత్తి, సందులు సమముగా ఉన్నవో లేవో చూడవలయును. సూదిని దూర్చి తీసినపుడు పోగులు మరల దగ్గరకు రావలయును. నూలుబట్టను ముందుగా ఒకసారి తడిపి ఆరవేసినచో, పిదప ముడుచుకొనదు. చుట్టును నాలుగంగుళముల బట్ట విడిచి, పోగులూడకుండ అంచులు కుట్టవలయును. హద్దుగీతను ఒక పోగు వెంబడి గీచినచో తివాచీ వంకర పోదు.

తివాచీని మెచ్చువారు అడుగుబట్టను తలపరు. దానిని నేసిన చేతులనుగూడ తలపరు. అయినను అది చినిగిననాడు పైనున్న పువ్వులలో ఒక్కటియు నిలువదు. కనబడని చోట చేసిన మంచిపనియే కనబడు అందమును కాపాడును.